తాళ్లతో కుట్టాల్సిన ఓడ

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు మా బడిలో ఒక ఓడ తయారైంది. మాది ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఊరు, బడి జమ్మలమడుగులో. మా వైపు సముద్రం చూసినవాళ్లంటే కువైట్‌కు పోతూ విమానం కిటికీలోంచి చూసినవాళ్లే. పెన్నలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. అలాంటి చోట ఓడ కట్టాలని మా సోషల్ సారుకు ఎందుకనిపించిందో మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఆయనది కాకినాడ అవతల కోరంగి దగ్గర. తాతల కాలం వరకూ వాళ్లింట్లో తెరచాప ఓడలు కట్టేవాళ్లట. మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. అటెండరుతో కూడా "గంట కొట్టండి" అనేవాడు. కొత్తలో మా వెనక బెంచీ పిల్లలు మైదానంలో కుక్కను చూసి, "కుక్కగారూ, కొంచెం పక్కకు జరగండి" అని పడీ పడీ నవ్వేవాళ్లు. సారు విని తనూ నవ్వేవాడు. కొట్టని సారును మేం అంతవరకు చూడలేదు.

శాతవాహనుల పాఠంలో సముద్ర వ్యాపారం గురించి ఒకే ఒక వాక్యం ఉంది. సారు ఆ వాక్యం దగ్గర ఆగి, బోర్డు మీద ఒక పాత నాణెం బొమ్మ గీశాడు. దాని మీద రెండు తెరకొయ్యల ఓడ. ఇలాంటి ఓడల్లో మనవాళ్లు మిరియాలూ బట్టలూ వేసుకుని ఎంత దూరమైనా పోయేవాళ్లని, వాటి పలకలను మేకులతో కాక తాళ్లతో కలిపేవాళ్లని చెప్పాడు.

"మేకులు లేకుంటే ఊడిపోదా సార్?" అని ఒకడు అడిగాడు.

"ఊడదోయ్. మీ అమ్మగారు బొంత కుట్టినట్టే. పలకకీ పలకకీ వరసగా కన్నాలు పెట్టి తాడుతో బిగించి కుడతారు. కెరటం గట్టిగా కొడితే మేకు దగ్గర పలక పగులుతుంది. కుట్టిన ఓడ ఒళ్లు కదిలించి మళ్లీ సర్దుకుంటుంది."

ఆ వాక్యం ఆ రోజు నా డైరీలో రాసుకున్నాను. తరగతిలో నోరు విప్పని దాన్ని కాబట్టి నచ్చిన మాటలన్నీ డైరీలోనే దాచుకునేదాన్ని. సారు తన పెట్టెలోని పుస్తకాలు నాకు ఇచ్చేవాడు. చదివావా అని అడిగితే తల ఊపేదాన్ని తప్ప మాట వచ్చేది కాదు.

ఆ ఏడు పులివెందులలో పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుందని, బడికొక వస్తువు తేవాలని ఉత్తర్వు వచ్చింది. అందరూ గోబర్ గ్యాసు, అగ్నిపర్వతం అనుకుంటుంటే సారు ఆ నాణెం ఓడను మనిషి పొడవున కట్టిద్దామన్నాడు. "పిల్లలు దాని చుట్టూ తిరగాలి, చెయ్యి వేసి చూడాలి, లోపల సరుకు ఎక్కడ పెట్టేవాళ్లో వంగి చూడాలి. అప్పుడుగానీ ఆ పాఠం తలకెక్కదు" అని హెడ్‌మాస్టరును ఒప్పించాడు. చెక్కపని తెలిసిన మనిషి కావాలన్నప్పుడు నేను చాలాసేపు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడి, చివరికి "మా అన్నకు వస్తుంది సార్" అన్నాను.

అన్న ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాడు. పక్కవీధి సాయిబు మామ దగ్గర తలుపులు, కిటికీలు చెయ్యడం నేర్చుకున్నాడు గానీ, ఆ మామ కువైట్‌కు పోయాక చేతిలో పని లేదు. పని లేని మగపిల్లవాడు మా ఊళ్లో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండడు. జీపు ఎక్కుతాడు.

ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గం నాయకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. రెండో వర్గం ఇళ్లు వంక అవతల ఉంటాయి, అందుకని వాళ్లు అవతలోళ్లు. ఎవరి పార్టీ జెండా వాళ్లకుంది. జెండాలు ఒకసారి అటూ ఇటూ మారాయి కూడా, పగలు మాత్రం మారలేదు. మేం చర్చి వీధి వాళ్లం. నాయన పెద్దాయన చీనీతోటలో పనికి పోయేవాడు. కూలికి పోవడం వేరు, వెంట తిరగడం వేరు అని అవతలోళ్లకూ తెలుసు కాబట్టి నాయన జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అన్నను మాత్రం పెద్దాయన మనుషులు అప్పటికే కేకేస్తున్నారు. "ఏంరా, ఆడపిల్ల మాదిరి ఇంట్లో కూచుండావు? రా, జీపులో ఒక రౌండు పోయొద్దాం" అనేవాళ్లు. అన్న ఏదో ఒక సాకు చెప్పేవాడు. ఆ సాకులు అయిపోతాయని అమ్మ భయం. మా వీధిలోనే ఒకాయనకు కుడిచెయ్యి మణికట్టు దాకే ఉండేది. ఆదివారం ఎడమచేత్తో బైబిలు గుండెకు ఆనించుకుని చర్చికి వచ్చేవాడు. ఆ చెయ్యి ఏమైందని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

అందుకే ఓడ పని వచ్చినప్పుడు అమ్మ ముఖం తేటపడింది. సారు ఇంకో మాట కూడా అన్నాడు. కోరంగి దగ్గర ఆయన బంధువులు చెక్క పడవలు కట్టే చోటు నడుపుతున్నారు. పాతకాలం ఓడ ఒకటి నిజమైన కొలతలతో కట్టి, బడిపిల్లలను ఎక్కించి చూపించాలని వాళ్ల ఆలోచన. చెయ్యి తిరిగిన కుర్రవాళ్లు కావాలి. ఎగ్జిబిషన్ అయ్యాక అన్నను అక్కడ చేరుస్తానన్నాడు. ఎన్నికలు ఎగ్జిబిషన్ తర్వాతే. అమ్మ లెక్క అంతా అదే: జీపు వాళ్లు గట్టిగా పిలిచే నాటికి కొడుకు ఊళ్లో ఉండకూడదు.

బడి వెనక రేకుల షెడ్డులో పని మొదలైంది. పాత తలుపు పలకలను అన్న నీళ్లలో నానబెట్టి, సెగ చూపించి వంచేవాడు. సాయంత్రాలు నేను పక్కన కూర్చుని సారు ఇచ్చిన పుస్తకంలోంచి ఏ భాగం ఎట్లా ఉండాలో చదివి వినిపించేదాన్ని. మాట్లాడకుండా పని చేసుకునే అన్న మధ్యలో ఆగి, "మళ్లా సదువు" అనేవాడు. ఒకరోజు ఓడ అడుగుభాగం తిరగేసి పెట్టి అరచేత్తో నిమురుతూ, "సముద్రం నీళ్లు నిజంగానే ఉప్పగా ఉంటాయంటావా?" అని అడిగాడు. వాణ్ణి అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

పలకలు సిద్ధమయ్యాయి. ఇక కుట్టాలి. అసలు ఓడలకు కొబ్బరిపీచు తాడు వాడతారు, ఈ కొలతకు సన్నటి జనప పురికొస సరిపోతుంది, ప్రొద్దుటూరు పోయి ఓ సంచెడు తెమ్మన్నాడు సారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు పురికొస అంటే గోతాలు కుట్టే దారం ఒక్కటే కాదు. నాటుబాంబు చుట్టేది దాంతోనే. ఎన్నికల ముందు ఎవరైనా కొస ఎక్కువగా అడిగితే అంగడాయన ముందు సరుకు చూడడు, మనిషి ముఖం చూస్తాడు. ఈ విషయం మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బయటివాళ్లకు మాత్రం ఎవరూ చెప్పరు.

"సార్, కంబితో కుడితే కాదా?" అని అడిగాడు అన్న.

"శాతవాహనుల ఓడకి ఇనుప తీగేమిటోయ్!" అని నవ్వాడు సారు. అన్న కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చాక నేనన్నాను: "సారుకు ఇట్లని చెప్పొచ్చు గదా."

"ఏమని చెప్పల్ల? మాకు కొస చూస్తే అదే యాదికొస్తాది సార్ అని చెప్పల్లా? ఆయప్ప ఈడ అందరూ మంచోళ్లు అనుకుంటాండాడు. అట్లే అనుకోనీ."

అమ్మ పొయ్యి ముందునుంచి, "ఎలచ్చన్లు అయినాంక కుట్టుకోగూడదా?" అంది.

"అప్పటికి ఎగ్జిబిషన్ అయిపోతాదిమా. నేను జాగర్తగా తెస్తాలే."

అన్న జాగ్రత్త ఏమిటంటే, అంతా ఒకేచోట కొంటే కంట్లో పడతానని ఒక్కో అంగట్లో ఒక్కో ఉండ కొన్నాడు. బంగారు అంగళ్ల వీధి దాటి ధాన్యం మండీల వైపు పోయి, ఒకచోట గోతాలకన్నాడు, ఒకచోట మంచం అల్లడానికన్నాడు, ఇంకోచోట పందిరికన్నాడు. బాంబులు చుట్టేవాళ్లు కొనేదీ అచ్చం అట్లాగే. కొంచెం కొంచెం, అంగడి మార్చి అంగడి, మాట మార్చి మాట. నిజంగా ఓడ కట్టేవాడయితే ఒకే అంగట్లో సంచెడు కొని, ఓడకని చెప్పి దర్జాగా వచ్చేవాడు. అట్లా కొనడం మాలో ఎవరికీ తోచదు. అంగళ్లవాళ్లు ఒకరితో ఒకరు అనుకున్నారు. అన్న బస్సెక్కేలోపే కబురు పోలీసులకు చేరింది.

తర్వాత జరిగింది మా ఇంటికి వచ్చి చెప్పింది అదే బస్సులో ఉన్న గాజులమ్మే అవ్వ. నేను బడికి బయల్దేరడానికి జడ వేసుకుంటున్నాను, ఆ రోజు పరీక్ష మధ్యాహ్నం. అవ్వ గాజుల మలారం కూడా దించకుండా గడపలోనే కూలబడింది.

"బస్సు ఆపినారు బిడ్డా. నేరుగా నీ కొడుకు కాడికే వచ్చినారు. సంచి గుమ్మరిచ్చినారు. 'ఏందిరా ఇది?' అనె ఎస్సై. 'ఓడకు సార్' అనె వీడు. 'ఓడా? జమ్మలమడుగులో సముద్రం ఎప్పుడొచ్చెరా?' అనె. బస్సంతా నవ్వె. అల్లా సాచ్చిగా చెప్తాండా, నేను గూడా నవ్వితి. అంతలోకే చెంప మీద ఒకటి పడె. ఇంగ ఎవురూ నవ్వల్యా."

అమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగి, "సారుకు చెప్పు, పో" అంది. నేను జమ్మలమడుగు బస్సులో నిలబడి పోతూ సారుకు చెప్పాల్సిన వాక్యాన్ని దారంతా లోపల అనుకుంటూ పోయాను. స్టాఫ్‌రూములో నలుగురి ముందు నిలబడి చెప్పాను: "సార్, కొస కొన్నందుకు మా అన్నను పోలీసులు పట్టుకున్నారు. మా వైపు దాంతో బాంబులు చుడతారు సార్." సారుతో నేను మాట్లాడిన పొడవైన మాట అదే. తక్కిన సార్లు తలలు దించుకున్నారు. వాళ్లందరికీ తెలుసు మరి. సారు మాత్రం నా ముఖం చూస్తూ, "తాడుకా? తాడు కొన్నందుకా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత నాణెం బొమ్మ ఉన్న పుస్తకం చంకలో పెట్టుకుని స్టేషనుకు బయల్దేరాడు.

నేను పరీక్ష వదిలేసి ఇంటికి వచ్చేసరికి నాయన తోటలోంచి వచ్చి ఉన్నాడు. చేతులైనా కడుక్కోలేదు. పెద్దాయన దగ్గరికి పోతానంటున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"వద్దు. సారు పోయినాడు గదా, ఆయప్ప చెప్తాడు."

"ఆ సారు మాట ఎవురు ఇంటారే? ఆయప్ప అండీ అండీ అనేలోపల వీని కీళ్లు ఇరగ్గొడతారు."

"పెద్దాయన ఇడిపిస్తే వాడు పెద్దాయన మనిషే అయిపోతాడు. ఇన్నాళ్లూ దేనికి కాచుకుంటి నేను?"

"ఆడ్నే ఉంటే మనిషే లేకుండా పోతాడు. రెండిట్లో యాది మేలో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్లే చేస్తా."

అమ్మ గుమ్మం నుంచి పక్కకు జరిగింది. నాయన చెప్పులు వేసుకోకుండానే పోయాడు.

స్టేషనులో ఏం జరిగిందో సారు తర్వాత నాకు చెప్పాడు. బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలి గదిలోంచి అన్న గొంతు వినిపిస్తూనే ఉంది. పిలిచాక ఎస్సై ముందు పుస్తకం తెరిచి నాణెం చూపించి, షెడ్డులో ఓడ ఉంది, వచ్చి చూడండి అని బతిమాలాడు. ఎస్సై పేజీని కాసేపు చూశాడట. "మాస్టారూ, మీరు చెప్పేది నిజమే కావచ్చు. రేపు ఎక్కడైనా ఒకటి పేలితే నన్ను అడిగేవాళ్లు ఈ బొమ్మ చూడరు" అని పుస్తకం మూసి ఇచ్చాడట. అంతలో పెద్దాయన మనుషులు వచ్చారు. వాళ్లు ఏ పుస్తకమూ తేలేదు. టీ తాగి, అన్నను ఎత్తుకుని జీపులో వేసుకుని పోయారు.

ఊళ్లోకి రావడానికి చర్చి వైపు దారే దగ్గర. జీపు మాత్రం వంక దాటి అవతలోళ్ల ఇళ్ల మధ్యనుంచి మెల్లగా, హారను మోగించుకుంటూ వచ్చింది. అన్న ముందు సీట్లో, అందరికీ కనిపించేలా ఉన్నాడు. పెదవులు వాచిపోయాయి. అరికాళ్లు నేలకు ఆనించలేకపోతే ఇద్దరు రెక్కలు పట్టి లోపలికి తెచ్చారు. వాళ్లలో ఒకడు అమ్మతో, "ఏడ్వాకుమా. పిల్లోడు మనోడు. మనోని మీద చెయ్యి పడితే ఊరుకుంటామా?" అన్నాడు. నాయన చేతులు జోడించాడు. అమ్మ అన్న కాళ్లకు వేణ్నీళ్ల కాపడం పెట్టడానికి వంగింది, తల ఎత్తలేదు.

ఆ హారనుతో ఊరికి లెక్క తేలిపోయింది. చర్చి వీధి పిల్లవాడు పెద్దాయన కోసం కొస తెస్తూ పట్టుబడ్డాడు, పెద్దాయనే విడిపించుకున్నాడు. అవతలోళ్లు నమ్మింది అది. మా వీధి వాళ్లు కూడా అదే నమ్మారు. నడవగలిగిన రోజు అన్న బస్టాపుకు పోతే అవతలోళ్ల కుర్రవాళ్లు నలుగురు ఎదురొచ్చి, ఏమీ అనకుండా, చుట్టూ నిలబడ్డారట. అంతే. మర్నాటి నుంచి వాడు బడికి పోయి రావడానికి కూడా జీపు వచ్చేది. ఎక్కనని చెప్పడానికి ఇక సాకు లేదు.

బడి ఆవరణలోకి పురికొస రాకూడదని హెడ్‌మాస్టరు తేల్చి చెప్పాడు. అన్న ఓడను మేకులతో బిగించాడు. ఒక్కో పలకకు వరసగా పెట్టిన కన్నాలు అలాగే ఖాళీగా ఉండిపోయాయి. షెడ్డు బయట జీపులో ఇద్దరు బీడీలు కాలుస్తూ కూర్చునేవాళ్లు. సారు సుత్తి దెబ్బలు వింటూ గోడకు ఆనుకుని నిలబడేవాడు. "పోనీలే, ఆకారం నిలిచింది కదా" అన్నాడు ఒకసారి, తనలో తనే.

అమ్మ మాత్రం ఆశ వదల్లేదు. పులివెందులకు పోతున్న రోజు నా చేతికి ఒక సంచీ ఇచ్చింది. అందులో అన్న చొక్కాలు, ఒక దుప్పటి ఉన్నాయి. "ఆడ్నుంచి ఆడ్నే సారుతో పంపిచ్చేయ్. ఊరు దాటినాడంటే ఇంగ ఎవురూ పట్టించుకోరు" అంది. ఓడను పెద్దాయన ట్రాక్టరులో పంపారు. అన్న ట్రాక్టరు వెనక జీపులో వచ్చాడు. నేనూ సారూ బస్సులో పోయాం. సంచీని ఓడ పెట్టిన బల్ల కింద దాచాను. సాయంత్రం కడపకు, అక్కడినుంచి రైలుకు పోదామని సారు అన్నకు చెప్పాడు. అన్న తల ఊపాడు. వాడు ఊపడం నేను చూశాను.

వచ్చిన పిల్లలు మా ఓడ చుట్టూనే మూగారు. లోపలికి వంగి చూశారు, తెరచాప పట్టి లాగారు. ఈ కన్నాలెందుకని ఒక అమ్మాయి అడిగితే, కుట్టడానికని చెప్పాను. మరి ఎందుకు కుట్టలేదంది. నేను తెరచాప సర్దుతూ పక్కకు తిరిగాను.

మధ్యాహ్నం అతిథులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన కూడా ఉన్నాడు, ఆ ఎన్నికల్లో ఆయన నిలబడుతున్నాడు. తెల్లటి బట్టల్లో, మెల్లగా మాట్లాడే మనిషి. ఓడ దగ్గర నిజంగానే ఆగాడు. తెరకొయ్య మీద చెయ్యి వేసి, "శానా బాగా చేసినాడు. మా చర్చి వీధి పిల్లోడు" అని పక్కవాళ్లకు చూపించాడు. ఫోటో తీశారు. అన్న ఆయన వెనక నిలబడి ఉన్నాడు.

సారుకు ఎంతో సంతోషమైంది. మంచి మాట అన్నవాళ్లకు మంచి మాట చెప్పాలనుకునే మనిషి. "అబ్బాయి చేతిలో విద్య ఉందండీ. మా కోరంగి తీసుకువెళుతున్నాను. ఈ సాయంత్రమే బయల్దేరుతున్నామండీ" అన్నాడు.

నేను బల్ల కింది సంచీని కాలితో ఇంకా లోపలికి తోశాను.

పెద్దాయన కోపపడలేదు. వెనక్కి తిరిగి, "అట్లనా? నాతో చెప్పనేల్యా?" అన్నాడు, ఇంట్లో పిల్లవాణ్ణి అడిగినట్టే. "పో, సముద్రం చూసిరా. మంచిదే గదా. మీ నాయన యాడికి పోతాడు, తోటలోనే ఉంటాడు. నేను చూసుకుంటాలే."

అన్న సారును చూడలేదు, నన్నూ చూడలేదు. ఓడ వైపు కూడా చూడలేదు.

"నేను యాడికీ పోను పెద్దాయనా" అన్నాడు.

పెద్దాయన వాడి భుజం తట్టి పక్క బల్ల మీది అగ్నిపర్వతం దగ్గరికి పోయాడు. అన్న వెంట నడిచాడు. "ఏమైందమ్మా? ఏమన్నాను నేను?" అని సారు నన్ను అడిగాడు. ఈసారి చెప్పలేకపోయాను. చెప్పినా ఆయన ఆ మాటను వెనక్కి తీసుకోలేడు.

సాయంత్రం నేను సంచీతోనే బస్సు దిగాను. అమ్మ వంక దగ్గరే నిలబడి ఉంది. ముందు నా చేతిలోని సంచీని చూసింది, తర్వాత నా ముఖం చూసింది. సంచీ తీసుకుని ఇంటికి నడిచింది. మడతలు విప్పి, చొక్కాలు ఒక్కొక్కటే దులిపి దండెం మీద వేసింది.

"రేపు జీపు పొద్దున్నే వస్తాదంట. వానికి తొడుక్కోను ఉండల్ల గదా" అంది.